తొందరలేని రాయి

షెఫీల్డ్‌లో వానకి కూడా ఇనుప వాసనుంటుందని
వచ్చిన కొత్తలో అనుకునేదాన్ని.
ఇప్పుడది నా కోటు వాసనేమో తెలీదు.

డాన్ నది పక్కన, రైలు వంతెన కింద
స్టానిఫర్త్ కొట్టు.
తలుపు తోస్తే గంట మోగదు, దగ్గుతుంది.
"దేనికి పదును పెట్టాలి, లవ్?" అన్నాడు
అరవై దాటిన నన్ను.

సంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి
మంగలికత్తి తీశాను.
మా ఆయనది.
ఆగస్టు నించీ ఆయన కుడిచెయ్యి
పిలిస్తే పలకడం లేదు.
కరెంటు మిషను ఎడమచేత్తో ఒకపూట గీసుకుని
"గడ్డి... కోసే... యంత్రం" అని
మూడు ముక్కల్లో తిట్టి అవతల పెట్టేశాడు.

స్టానిఫర్త్ పాత పేపరు పరిచి
మూడు రాళ్ళు పెట్టాడు.
ఒకటి ఇటుక రంగు, పక్కన వెయ్యి అని అంకె.
అంచు విరిగితే ఇది కావాలి,
విరక్కపోతే ఉక్కుని ఊరికే తినేస్తుందన్నాడు.
రెండోది మీగడలా తెల్లన, పన్నెండు వేలు, జపాన్‌ది.
దాని ధర వినగానే
కత్తి లేకుండానే నా గొంతు తెగింది.
మూడోది వేల్స్ కొండపలక.
వంకాయ రంగు. ఓ మూల పెచ్చు లేచింది. అంకె లేదు.

"ఇదెంత సన్నం?"
"దానికే తెలీదు. తొందర లేని రాయి.
యాభైసార్లు నూరితే ఒక్కసారి నూరినట్టు.
చెయ్యి తప్పినా కొంప ముంచదు."

గోరుతో గీశాను. చెంపకి ఆనించుకున్నాను.
వేలితో ఒక నీటిచుక్క వేస్తే
పీల్చుకోకుండా అలాగే కూర్చుంది, పేరంటానికొచ్చినట్టు.
మా భాషలో కత్తి నూరే రాయీ సానే
గంధం తీసే రాయీ సానే.
ఒంటికి పూసేదాన్నీ ఒంటిమీంచి తీసేదాన్నీ
ఒకే పేరుతో పిలిచిందెవరో!
స్టానిఫర్త్‌కి చెబుదామని నోరు తెరిచి
ఇరవై రెండు పౌండ్లు లెక్కపెట్టాను.

వంటింటి బల్ల మీద తడిగుడ్డ, దాని మీద పలక.
ఎదురుగా కుర్చీలో ఆయన.
లోహాల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి,
ఇప్పుడు రోజుకి ఇన్నేసి మాటలని పొదుపు.

"వీపు" అన్నాడు.

కత్తి వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి.
అంచు మీద మోజుతో నేను వీపు లేపేస్తున్నాను.
లేపినప్పుడల్లా "వీపు."
ముప్పై ఆరేళ్ళు కత్తులు నూరుకున్నాం మేము,
ఉప్పు దగ్గర, తలుపు గడియ దగ్గర,
మా చెల్లెలి పెళ్ళిలో ఆయనన్న ఓ మాట దగ్గర.
ఇన్నాళ్ళకి ఓ రాయి కొన్నాం.

మొదట గరగర. తర్వాత సర్రుమని.
తర్వాత చప్పుడు సన్నబడి ఫ్రిజ్ మోత వినిపించింది.
పలక మీద నీళ్ళు ఊదాగా చిక్కబడ్డాయి,
అరగదీసిన గంధంలా.
నా తలలోంచి ఓ తెల్ల వెంట్రుక పీకి
అంచు మీద వదిలాను.
వంగింది, జారింది, బతికిపోయింది.
మర్నాడూ అంతే.
మూడోనాడు ముక్కయి రాలింది, చప్పుడైనా లేదు.
మెచ్చుకుంటాడేమో అని చూశాను.
"తోలు" అన్నాడు.
తోలుపట్టీ మీద అరవైసార్లు, ఆయన లెక్కలో.

సబ్బు నురగ పూశాను.
కుడిచెంప మీద కత్తి నడుస్తున్నా ఆయనకి తెలీదు,
అందుకే అక్కడ మరీ మెల్లగా నడిచాను.
గొంతు దగ్గర ఆగిపోయాను.
ఆయన తల ఇంకాస్త వెనక్కి వాల్చాడు.

అయ్యాక ఎడమచేత్తో తడుముకుంటూ పోయి
దవడ కింద మిగిలిన గరుకు
ఓ అర అంగుళం పట్టుకున్నాడు.
నా వంక చూసి

"వీపు."